నేనే నేర్పిన

ఖమ్మం రోడ్డు మీద వరంగల్ ఊరు దాటుతుంటే ఎడమ చేతి వైపు పొడుగాటి రేకుల షెడ్డు కనిపించేది. అదే పత్తి నుంచి గింజ వేరు చేసే వీరభద్రం జిన్నింగు మిల్లు. తండ్రి కాలంలో రెండే మిషన్లు. తండ్రి పోయాక, డెబ్బై నాలుగులో, ముప్పై ఏళ్లన్నా నిండకుండా వీరభద్రం ఆ గద్దె ఎక్కాడు. బీకాం చదివినవాడు. తండ్రిలాగా ధోవతి కట్టి, భుజాన తువ్వాలేసుకొని, వచ్చినవాళ్లందరితో పొద్దుగూకే దాకా ముచ్చట పెట్టడం అతనికి నచ్చేది కాదు. ప్యాంటు, తెల్ల షర్టు, జేబుకు పెన్ను. మిల్లు అంటే మిషన్లే అని అతని నమ్మకం. నాలుగేళ్లలో రెండు మిషన్లను ఆరు చేశాడు.

పత్తి సీజను మొదలైతే చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆడవాళ్లు తట్టలు పట్టుకొని గేటు ముందుకు వచ్చేవాళ్లు. పత్తిని నేల మీద పరిచి, పసుపు తిరిగినది, పురుగు తిన్నది, ఆకు ముక్కలు అంటుకున్నది ఏరి పక్కన పెట్టడం వాళ్ల పని. నిరుడు చేసినవాళ్లే ఈ ఏడూ రావాలని ఏమీ లేదు. "బోల్టు పోతే బొంబాయి నుంచి రావాలె పాణీ, మనిషి పోతే గేటు కాడ ఇంకో మనిషి ఉంటది" అని గుమాస్తా సారంగపాణితో అనేవాడు వీరభద్రం. సారంగపాణి తండ్రి కాలం నుంచి ఉన్నవాడు. తల ఊపి ఊరుకునేవాడు.

డెబ్బై ఎనిమిదిలో కోయంబత్తూరు మిల్లు ఒకటి లారీ నిండా దూది బేళ్లు వాపసు పంపింది. పొడుగు పింజ, అంటే పొడుగు పోగు పత్తి, అని పంపిన దాంట్లో పొట్టి పింజ కలిసిందని ఉత్తరం. ఇరవై రోజులు తిరక్కుండానే ఇంకో లారీ వచ్చింది. వీరభద్రం మిషన్లు విప్పించాడు, మెకానిక్కును మార్చాడు. మిషన్లలో తప్పు దొరకలేదు. మూడో లారీ వచ్చిన నాడు అతను షెడ్డులో నిలబడి అందరినీ తిడుతుంటే, ఏరేవాళ్లలో నుంచి ఒకామె లేచింది. నలభై దాటిన మనిషి, సన్నగా, పొడుగ్గా ఉంటుంది. పేరు మల్లక్క. గీసుకొండ దిక్కు నుంచి పొద్దున్నే నడిచి వస్తుంది.

"మిషిన్ల ఏం లేదు సేటూ" అన్నది. "బండ్లు దించుడు కాడనే కలుస్తాంది. నల్లరేగడి పత్తి, ఎర్ర చెలక పత్తి ఒక్క కుప్పల పోస్తాన్రు. కలిసినంక ఎవలు ఏం ఏరుతరు?"

"రెండూ తెల్లగనే ఉంటయి గద. నీకెట్ల ఎరుక?"

మల్లక్క కుప్పలో నుంచి చిటికెడు పత్తి తీసింది. గింజ ఒలిచేసి, మిగిలిన దూదిని రెండు బొటన వేళ్ల మధ్య పట్టి లాగింది. లాగిన పోగుల్ని ఒకదాని మీద ఒకటి పరిచి మళ్లీ లాగింది. నాలుగైదు సార్లు అట్లా చేశాక ఆ పోగులు దువ్విన వెంట్రుకల్లా సాఫుగా వచ్చాయి. వాటిని తన ముదురాకుపచ్చ కొంగు మీద పరిచి చూపింది. ఇంకో కుప్ప నుంచి ఇంకో చిటికెడు తీసి పక్కన పరిచింది. ఒకటి చిటికెన వేలు మొదటి కణుపు దాటింది. ఇంకొకటి కణుపు దాకా కూడా రాలేదు. తర్వాత ఒక గింజ పంటి కింద పెట్టి కొరికింది. "ఇది తడి పత్తి. గింజ టక్కుమనలే. తూకానికి నీళ్లు చల్లిండ్రు" అన్నది.

వాళ్లమ్మ రాట్నం వడికేదట. పోగు చూడటం ఆమె దగ్గరే వచ్చిందట. మిగతాది చేలల్లో కూలికి పోతూ నేర్చుకున్నదట. ఇదంతా సారంగపాణి తర్వాత చెప్పాడు. వీరభద్రం అడగలేదు.

ఆ రోజు నుంచి బండ్లు దించే చోట మల్లక్క నిలబడ్డది. కుప్పలు వేరయ్యాయి. ఒక్క మనిషితో కాదని ఆమే చూసుకొని, కంటి నదరున్న నలుగురు ఆడవాళ్లకు పోగు లాగడం నేర్పింది. నాలుగు పది అయ్యాయి, పది నలభై అయ్యాయి. పొద్దటి పూట పని మొదలయ్యే ముందు అరగంట, మధ్యాహ్నం సద్ది తిన్నాక అరగంట, ఆమె చుట్టూ కూర్చొని నేర్చుకునేవాళ్లు. ఆ అరగంటలకు కూలి లేదు. మల్లక్కకూ లేదు, నేర్చుకునేవాళ్లకూ లేదు. మస్టర్‌లో ఆమె పేరు ఎదురుగా మొదటి రోజు ఏమున్నదో ఆరేళ్ల తర్వాత కూడా అదే ఉన్నది: ఆడ కూలి.

ఎనభై మూడు వచ్చేసరికి కోయంబత్తూరు మిల్లులే ఉత్తరాలు రాసి వీరభద్రం మార్కు బేళ్లు కావాలని అడిగేవి. అతను కారు కొన్నాడు. వర్తకుల సంఘంలో పేరు పెరిగింది.

ఎనభై నాలుగులో సంఘం అధ్యక్షుడు రాజేశ్వర్ రావు పది మంది మిల్లు యజమానుల్ని హైదరాబాదులో మూడు రోజుల శిక్షణకు తీసుకుపోయాడు. అక్కడ ఒక ప్రొఫెసరు బోర్డు మీద గీతలు గీసి చెప్పాడు. ఇకముందు మిషన్లు ఎవరైనా కొంటారు, పని తెలిసిన మనుషులు ఎవరి దగ్గర ఉంటే వాళ్లే నిలుస్తారు, మనుషులే అసలు పెట్టుబడి, యజమాని అంటే అజమాయిషీ చేసేవాడు కాదు, నేర్పేవాడు, అన్నాడు. మిగతావాళ్లు కునికిపాట్లు పడుతుంటే వీరభద్రం మాత్రం రాసుకున్నాడు. టీ తాగేటప్పుడు రాజేశ్వర్ రావుతో "మా మిల్లుల ఇది ఎప్పటి నుంచో నడుస్తాంది సార్" అన్నాడు.

"ఔనా? అయితే మాకు చూపించుండ్రి" అన్నాడు రాజేశ్వర్ రావు.

పదిహేను రోజులకు అందరూ వచ్చారు. నలభై మంది ఆడవాళ్లు వరుసగా కూర్చొని పని చేస్తున్నారు. వాళ్ల చేతులు తిరిగే తీరు చూసి వచ్చినవాళ్లు మాట్లాడటం ఆపేశారు. రాజేశ్వర్ రావు ఒకామె ముందు వంగి, పోగు లాగి పరచడం చాలాసేపు చూశాడు. లేచి నిలబడి అడిగాడు.

"వీళ్లకు ఎవరు నేర్పిండ్రు వీరభద్రం గారూ?"

మల్లక్క అక్కడే, నాలుగడుగుల దూరంలో, కుప్ప పక్కన నిలబడి ఉన్నది. వీరభద్రం ఆమెను చూశాడు. చూసి కూడా, అడిగిన వెంటనే, గుక్క తిప్పుకోకుండా అన్నాడు.

"నేనే నేర్పిన."

ఎందుకన్నాడో అతనికి కూడా తెలియదు. ముందుగా అనుకున్నది కాదు. పది మంది ముఖాలు తన వైపు తిరిగి ఉన్నాయి, ప్రొఫెసరు చెప్పిన మాట చెవుల్లో ఉన్నది, నోరు తెరిస్తే అదే వచ్చింది. ఆడవాళ్ల చేతులు ఒక్క క్షణం ఆగాయి. మళ్లీ కదిలాయి.

రాజేశ్వర్ రావు సంబరంగా మల్లక్క వైపు తిరిగాడు. "ఏమమ్మా, మీ సేటు స్వయంగ కూసోని నేర్పిండా?"

మల్లక్క వీరభద్రం ముఖంలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఏం జరుగుతున్నదో అర్థం చేసుకోవడానికి కొంచెం సేపు కావలసినట్టు చూసింది.

"ఔ సారూ. సేటే నేర్పిండు."

అక్కడితో అయిపోయేదే. కానీ రాజేశ్వర్ రావు కుప్పలో నుంచి పిడికెడు పత్తి తీసి వీరభద్రం ముందు చాపాడు. "జర మాకు కూడ చూపించుండ్రి. పింజ ఎట్ల పడతరో."

ఆరేళ్లలో ఒక్కనాడూ వీరభద్రం ఆ పోగు పట్టలేదు. చెయ్యి ముందుకు రాలేదు. అప్పుడు మల్లక్క రెండడుగులు ముందుకేసి ఆ పత్తి అందుకున్నది.

"సేటు మిషిని కాడికెల్లి వచ్చిండు సారూ. చేతులకు గ్రీజు ఉంటది, పత్తికంటుతది. నేను చూపిస్త" అన్నది.

పోగు లాగుతూ, పరుస్తూ, "సేటు చెప్పినట్టు గిట్ల పట్టాలె, సేటు చెప్పినట్టు గిట్ల గుంజాలె" అనుకుంటూ చూపింది. వీరభద్రం చేతులు తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి. వాటిని వెనక్కి కట్టుకొని, ఆమె పని పూర్తయ్యేదాకా అట్లాగే నిలబడ్డాడు.

వచ్చినవాళ్లు చాయ్ తాగి, మెచ్చుకొని వెళ్లిపోయారు. వీరభద్రం ఆఫీసు గదిలో కూర్చున్నాడు గాని ఆ పూట షెడ్డులోకి పోలేకపోయాడు. మరునాడు పోయినా బండ్లు దించే వైపు పోలేదు. మూడు రోజులు అట్లా తప్పించుకొని తిరిగి, నాలుగో రోజు బట్టల దుకాణం నుంచి మంచి నేత చీర తెప్పించి సారంగపాణి చేత మల్లక్కకు పంపించాడు. సారంగపాణి కాసేపటికి అదే పొట్లం పట్టుకొని తిరిగి వచ్చాడు.

"తీసుకోలేదా?"

"కోపంగ ఏమన్లేదు సేటూ. ఇది ఏ పనికి ఇచ్చిండో అడిగి రమ్మన్నది. తెలిస్తే తీసుకుంట అన్నది."

వీరభద్రం పొట్లం బల్ల సొరుగులో పెట్టాడు. సారంగపాణి ఇంకా నిలబడే ఉన్నాడు. అతనికి అంతా తెలుసునని, తెలిసి కూడా తెలియనట్టు ఉంటున్నాడని వీరభద్రానికి అప్పుడు తట్టింది. పెద్దమనిషి ముందు తల ఎత్తలేక పాత ఉత్తరాలేవో తిరగేశాడు.

నెల తర్వాత హనుమకొండలో వర్తకుల సభ పెట్టారు. 'మనుషులే పెట్టుబడి' అన్న విషయం మీద వీరభద్రం మాట్లాడాలని రాజేశ్వర్ రావే పేరు వేయించాడు. ఇంట్లో అచ్చు కాగితం చూసి భార్య శారద అడిగింది. "మీరే అందరికి పని నేర్పిండ్రని రాసిండ్రు. మీకు పత్తి ముట్టుకుంటే తుమ్ములొస్తయి గద. ఎప్పుడు నేర్చుకున్నరు?"

ఆమె ఎగతాళికి అడగలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. వీరభద్రం సగం అన్నం వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు. సభలో నిజం చెప్పేయాలని ఆ పూటే తీర్మానించుకున్నాడు. చెప్తే పరువు పోతుంది. పోనీ, పోతేనే ఈ బరువు దిగుతుంది అనుకున్నాడు.

సభకు రెండు వందల మంది వచ్చారు. వీరభద్రం మైకు ముందుకు పోయి, రాసుకొచ్చిన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మొన్న పెద్దలు మా మిల్లు చూడటానికి వచ్చినప్పుడు, పనోళ్లకు నేనే నేర్పిన అన్న. అది అబద్ధం. నాకు ఆ పని రాదు. మా మిల్లుల ఒకామె ఉన్నది. ఆరేండ్ల కింద మా బేళ్లు వాపసు వస్తాంటే ఆపింది ఆమె. నలభై మందికి నేర్పింది ఆమె. ఆమె కూలి మనిషి. నేను ఆమె ముంగటనే అబద్ధమాడిన. ఆ సంగతి మీకు చెప్పాలనే వచ్చిన."

వీరభద్రం తల వంచుకున్నాడు. ఎవరన్నా లేచి ఛీ అంటారని ఎదురుచూశాడు. అంటే బాగుండుననిపించింది.

వెనక వరసలో ఎవరో చప్పట్లు కొట్టారు. తర్వాత ఇంకొకరు. చూస్తుండగానే హాలంతా చప్పట్లు. రాజేశ్వర్ రావు కుర్చీలో నుంచి లేచి వచ్చి అతన్ని కావలించుకున్నాడు. మైకు అందుకొని, "చూసిండ్రా? తాను చేసిన పనికి కూడ పేరు పనోళ్లకు ఇస్తున్నడు. కొత్త కాలం యజమాని అంటే గిట్లుండాలె" అన్నాడు.

"లేదు సార్, నేను నిజంగనే..." అని వీరభద్రం అనబోయాడు. భుజాల మీద శాలువా పడ్డది. కెమెరా మెరిసింది. ఎంత చెప్పబోతే అంత వినయం అనుకున్నారు. మెట్లు దిగుతుంటే ముసలి వ్యాపారులు చేతులు పట్టుకొని ఊపారు. కారులో కూర్చున్నాక శాలువా తీసి పక్క సీట్లో పడేశాడు. పరువు పోగొట్టుకుందామని పోయినవాడు రెట్టింపు పరువుతో ఇంటికి చేరాడు. అంత సిగ్గు అంతకుముందు ఏనాడూ పడలేదు.

రెండు రోజులకు పేపర్లో పడ్డది. శాలువాతో అతని బొమ్మ, దాని కింద 'కూలి మహిళకే ఘనత ఇచ్చిన ఆదర్శ మిల్లు యజమాని' అని పెద్ద అక్షరాలు. ఆ పొద్దు అతను మిల్లుకు పోయేసరికి వాచ్‌మన్ సారయ్య ఆడవాళ్ల నడుమ నిలబడి ఆ వార్త చదివి వినిపిస్తున్నాడు. వీరభద్రాన్ని చూసి పేపరు మడిచి పక్కకు జరిగాడు.

తప్పించుకోవడానికి ఇక చోటు లేదు. వీరభద్రం మల్లక్క దగ్గరికి పోయాడు. ఆమె తట్టలో పత్తి సర్దుతూ, తల ఎత్తకుండానే అడిగింది.

"సేటూ, గా పేపర్ల ఒకామె అని రాసిండ్రంట. గా ఒకామె ఎవలు?"

"నువ్వే మల్లక్కా."

"నేనైతే మల్లక్క అని ఉండాలె గద. రాసెటోళ్లు మర్చిండ్రా, నువ్వు చెప్పుడు మర్చినవా?"

పేపరువాళ్ల మీద పెట్టేస్తే సరిపోతుంది. ఒక్క మాట. అడిగేవాళ్లు కూడా లేరు. వీరభద్రం సభలో తాను అన్న మాటలన్నీ గుర్తు చేసుకున్నాడు. మా మిల్లుల ఒకామె. కూలి మనిషి. ఆమె, ఆమె, ఆమె. ఆరేళ్లుగా రోజూ నోరారా పిలిచే పేరు. ఆ రెండు వందల మంది ముందు ఒక్కసారీ రాలేదు. నిజం చెప్తున్నాననుకున్నప్పుడు కూడా రాలేదు.

"నేనే చెప్పలే" అన్నాడు.

మల్లక్క తట్ట కింద పెట్టింది. ఆడవాళ్లంతా వింటున్నారు.

"నువ్వు అబద్ధమాడినవు, మళ్ల పోయి ఒప్పుకున్నవు. నీకు దండలేసిండ్రు, శాలువా కప్పిండ్రు. నా సంగతేంది సేటూ? నేను నేర్పిన పిల్లలు నలభై మంది ముంగట, నాకు నువ్వు నేర్పినవని నా నోటితోని చెప్పిన. మిల్లు పేరు పోతదని చెప్పిన, పేరు పోతే అందరి బువ్వ పోతదని చెప్పిన. పొద్దూకి ఇంటికి పోతాంటే గీ యాకమ్మ అడిగింది, గట్లెందుకన్నవ్ అత్తా అని. దానికి ఏం చెప్పాలె నేను? నెల దినాల సంది వీళ్లకు చెయ్యి పట్టి చూపియ్యాల్నంటే సిగ్గైతాంది నాకు."

మొదటి వరసలో కూర్చున్న యాకమ్మ ముఖం పక్కకు తిప్పుకున్నది.

వీరభద్రం ఈ నెల రోజులూ తన సిగ్గు గురించే ఆలోచించాడు. ఈమెకు కూడా సిగ్గు ఉంటుందని, అది తాను అంటించిందేనని ఒక్కసారీ తోచలేదు. ఆడవాళ్ల వైపు తిరిగాడు. మాటలు కూడదీసుకోవడం కష్టమైంది.

"మీకు నేర్పింది మల్లక్క. నాకు పని రాదు. ఆ రోజు ఆమెతోని అబద్ధం చెప్పించింది నేను" అన్నాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒకామె దగ్గింది. ఇంకొకామె పని అందుకున్నది.

తర్వాత మల్లక్కను అడిగాడు. "ఏం చెయ్యమంటవో చెప్పు."

బండి ఒకటి వస్తే ఆమె దించే దగ్గరికి పోయి, గింజ కొరికి చూసి, ఏ కుప్పకు పోయాలో చెప్పి వచ్చింది. వచ్చాక అన్నది.

"నన్ను మేస్త్రీ అని కాయితం మీద రాయి. పని నేర్చినోళ్లను సీజను కాంగనే ఎల్లగొట్టకు. నిరుడు ఆరుగురు ఇంకో మిల్లుకు పోయిండ్రు, వాళ్లకు నేర్పిన కష్టం నీకేం ఎరుక. ఇంకోటి. నువ్వు వచ్చి కూసో. పని నేర్చుకో."

"నేనా?"

"మళ్ల ఎవలన్న పత్తి చేతికిచ్చి చూపియ్యిమంటరు. మళ్ల నేను ఉరికి రావాల్నా?"

మేస్త్రీ కాగితం, పని నేర్చినవాళ్లను సీజను అయినా ఉంచే కాగితం ఆ వారంలోనే అయ్యాయి. నేర్పే అరగంటలు కూలి గంటల్లో కలిశాయి. మూడోది కష్టమైంది. పొద్దున ఎనిమిదింటికి వీరభద్రం ప్యాంటు మడిచి నేల మీద కూర్చునేవాడు. మొదటి వారం తుమ్ములు ఆగలేదు. పోగు లాగితే తెగేది, పరిస్తే చెదిరేది. పొడుగు పింజ అని చెప్పినవి సగం పొట్టివి. మొదట్లో ఆడవాళ్లు నవ్వు ఆపుకునేవాళ్లు, తర్వాత ఆపుకోలేదు. మల్లక్క మాత్రం నవ్వేది కాదు. "మళ్ల గుంజు" అనేది. యాకమ్మకు చెప్పిన గొంతుతోనే చెప్పేది.

ఒక పొద్దు రాజేశ్వర్ రావు వచ్చాడు. వీరభద్రం కూలివాళ్ల నడుమ నేల మీద కూర్చొని ఉండటం చూసి మురిసిపోయాడు. పేపరాయన్ని పిలిపించి ఫొటో తీయిద్దామన్నాడు.

"వద్దు సార్. నాకు ఇంకా రాలేదు. ఈమె పేరు మల్లక్క. ఈమెనే నేర్పేది" అన్నాడు వీరభద్రం. రాజేశ్వర్ రావు మల్లక్క వైపు చిరునవ్వు నవ్వి, మంచిది మంచిది అని, మాట మార్కెట్టు రేట్ల మీదికి తిప్పాడు. ఆ పేరు అతని చెవికి ఎక్కలేదని వీరభద్రానికి తెలుస్తూనే ఉన్నది. తాను కూడా ఆరేళ్లు అట్లాగే విన్నాడు.

ఎనభై ఏడులో కేసముద్రంలో కొత్త జిన్నింగు మిల్లు లేచింది. అక్కడి యజమాని మల్లక్కను అడిగించాడు. పత్తి చూసే పని మొత్తం ఆమె చేతికే ఇస్తామన్నాడు, ఉండటానికి ఇల్లు ఇస్తామన్నాడు. మల్లక్క వచ్చి చెప్పింది. "యాకమ్మకు అంతా వచ్చింది. నీకు ఫికర్ లేదు. నేను పోత సేటూ."

వీరభద్రం ఉండమని అడగబోయి మానుకున్నాడు. తన మిల్లు నిలబడ్డది ఈమె వల్ల. ఇన్నేళ్లకు ఒక పెద్ద పని ఆమెను పేరు పెట్టి పిలిచింది, ఆపే హక్కు తనకెక్కడిది? సారంగపాణి టైపు చేస్తానన్నా వినకుండా కేసముద్రం యజమానికి ఉత్తరం తన చేత్తోనే రాశాడు. మా మిల్లులో నలభై మందికీ, నాకూ పని నేర్పినది మల్లక్క, అని. చదివి వినిపిస్తే ఆమె విని, మడిచి కొంగున కట్టుకొని పోయింది.

కోయంబత్తూరు నుంచి ఎవరో ఒకరు ఇప్పటికీ మిల్లు చూడటానికి వస్తుంటారు. వచ్చినవాళ్లు అడుగుతారు, వీళ్లకు ఎవరు నేర్పారని. వీరభద్రం మల్లక్క పేరు చెప్తాడు. చెప్పిన ప్రతిసారీ అతని చెవులు వేడెక్కుతాయి. ఎదుటివాళ్లు గమనించరు. వరసలో కూర్చున్న యాకమ్మ మాత్రం చెయ్యి ఆపి ఒకసారి తల ఎత్తి చూస్తుంది.